సీలాండ్ లార్డ్ బిరుదా, నైట్ హోదానా?

మా పర్లాకిమిడిలో గజపతి రాజుల కోట చూస్తూ పెరిగిన వాళ్ళకి బిరుదు అంటే ఇప్పటికీ ఒక గౌరవం. ఈమధ్య మా బావ సీలాండ్ నుంచి లార్డ్ కొనుక్కోవాలా, నైట్ కొనుక్కోవాలా అని అడిగాడు. సీలాండ్ అంటే ఇంగ్లండ్ తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న పాత యుద్ధకాలపు కోట, దాన్ని 1967లో ప్యాడీ రాయ్ బేట్స్ స్వతంత్ర దేశంగా ప్రకటించాడు, కానీ ఏ దేశమూ గుర్తించలేదు.

లార్డ్ తక్కువ ధర, పేరు ముందు పెట్టుకోవడానికి అంతే. నైట్ అయితే ఖర్చు ఎక్కువ, కానీ 'సావరిన్ మిలిటరీ ఆర్డర్' అనే ఒక బృందంలో చేరినట్టు, అందుకే నాకు అదే నచ్చింది, ఎందుకంటే బిరుదుకి వెనకాల నలుగురు మనుషులుంటేనే దానికి బరువు.

అయితే ఒకటి గుర్తుంచుకో బావా. మన రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం పౌరులెవరూ విదేశీ రాజ్యం నుంచి బిరుదు తీసుకోకూడదు. సీలాండ్‌కి గుర్తింపే లేదు కాబట్టి ఇది ఇంట్లో గోడకి వేలాడదీసుకునే సర్టిఫికెట్ మాత్రమే, ఆధార్‌లోకి, బ్యాంకు పాస్‌బుక్‌లోకి ఎక్కించే ప్రయత్నం చేయకు. మీ నాన్నగారి గది గోడ మీదైతే నైట్ సర్టిఫికెట్ బాగుంటుంది.