పాత అద్దెవాళ్ల కరెంటు బాకీ మన మెడకు చుట్టుకుంటే ఏది మేలు?

బ్రిటన్‌లో కొత్తగా అద్దెకు దిగిన మనవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. ముందున్నవాళ్లు గ్యాస్, కరెంటు బిల్లులు ఎగ్గొట్టి వెళ్లిపోయారు, కంపెనీ మాత్రం మన గుమ్మం వదలడం లేదు. ఆ బాకీ మీది కాదని మీకూ తెలుసు. అద్దె మొదలైన రోజు నుంచి ఉన్నదే మీ లెక్క. అసలు పేచీ అల్లా ఆ రోజు ఏదన్నది కంపెనీ చేత ఒప్పించడం దగ్గరే.

చాలామంది చేసేది ఉత్తరం తిప్పి పంపడం. కవరు మీద వేరేవాళ్ల పేరుంటే "ఈ అడ్రసులో లేరు, రిటర్న్ టు సెండర్" అని రాసి పోస్టు డబ్బాలో పడేస్తే ఖర్చేమీ లేదు. కానీ దానివల్ల కంపెనీ రికార్డులో మీరు దిగిన తేదీ ఎక్కదు. వ్యవహారం ముదిరితే కోర్టు వారంటుతో ప్రీపేమెంట్ మీటరు (ముందే డబ్బు వేసుకుని వాడుకునే మీటరు) బిగించడానికి వచ్చేది మీరుంటున్న ఇంటికే. "ది ఆక్యుపయర్" (ఇంట్లో ఉంటున్నవారు) అని వచ్చిన కవరైతే విప్పి చదవండి, అది మీకే.

ఫోన్ చేస్తే ఎవరో ఒకరు మర్యాదగా "సరే, తీసేస్తాం" అంటారు. వచ్చే నెల అదే బిల్లు వస్తే ఇంకొకరికి కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. ఫోనే మేలైన సందర్భం ఒక్కటుంది: ప్రీపేమెంట్ మీటరు. పాతవాళ్లు వదిలేసిన కీతో (డబ్బు నింపి మీటరులో పెట్టే తాళంచెవి లాంటిది) టాప్‌అప్ చేస్తే మీ డబ్బులోంచి వాళ్ల బాకీకి కోత పడొచ్చు. అక్కడ ఈమెయిలు రాసి జవాబు కోసం కూర్చుంటే ఇల్లు చీకటే. ముందు ఫోన్ చేసి మీటరు మీది బాకీ తీయించి, కొత్త కీ తెప్పించుకోండి.

మిగతా అందరికీ నా ఓటు రాతపూర్వక ఫిర్యాదుకే. కారణం, గడియారం. "దీన్ని ఫిర్యాదుగా నమోదు చేయండి" అని ఈమెయిలు పంపిన రోజు నుంచి కంపెనీకి 8 వారాల గడువు. ఆలోగా తేల్చకపోయినా, ఇక మేమేం చేయలేమంటూ డెడ్‌లాక్ లెటర్ ఇచ్చినా ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ (కంపెనీలతో తగాదాలు తేల్చే స్వతంత్ర సంస్థ) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు. వాళ్లిచ్చిన తీర్పును మీరు ఒప్పుకుంటే కంపెనీ దానికి కట్టుబడాల్సిందే. (కొందరు ఈ కంపెనీలను నియంత్రించే సంస్థ ఆఫ్‌జెమ్‌కు రాసి ఎదురుచూస్తుంటారు. విడివిడి తగాదాలు అది చూడదు.)

ఈమెయిలుకు రెండు జతచేయండి: అద్దె ఒప్పందంలో తేదీ ఉన్న పేజీ, దిగిన రోజు తీసిన మీటరు ఫొటో. ఫొటోలో అంకెలొక్కటే ఉంటే అది ఎవరి మీటరో ఎవరు చెప్పాలి? మీటరు సీరియల్ నంబరు, రీడింగు ఒకే ఫ్రేములో పడాలి. ఫొటో లేకపోతే ఏజెంటు ఇచ్చిన ఇన్వెంటరీ రిపోర్టు వెతకండి, చాలా వాటిలో మొదటి రోజు రీడింగు రాసే ఉంటుంది. తగాదా తేలేదాకా మీరు వాడుకున్నదానికి మాత్రం కడుతూనే ఉండండి, లేకపోతే మీ పేరు మీద నిజంగానే బాకీ పడుతుంది.

క్రెడిట్ స్కోరు పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: బాకీ మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి మీద కాదు.

"చిన్న మొత్తమే కదా, కట్టేసి వదిలించుకుందాం" అంటారా? వద్దు. కంపెనీ మారడం మంచిదే కానీ, పాత ఖాతా సరిచేయించకుండా మారబోతే బాకీ పేరు చెప్పి అడ్డుకోవచ్చు. ఇంటి ఓనరు మీద వదిలేస్తే సరిపోదు, ఎందుకంటే ఇప్పుడు ఖాతా మీది. ఆయన దగ్గర మీ అద్దె ఎప్పుడు మొదలైందో రాయించుకుంటే చాలు. పాతవాళ్లు ఖాళీ చేశాక మీరు దిగేలోపు పడిన బిల్లు మాత్రం సాధారణంగా ఆయనదే. అది మిమ్మల్ని అడిగితే ఆయన పేరు, అడ్రసు కంపెనీకి ఇచ్చేయండి.