వన్‌టౌన్ పాత్రల కొట్టు: సరుకు మంచిది, మాటలే వడకట్టుకోవాలి

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఈ పాత్రల కొట్టులో రాగి, కంచు, ఇనుము, స్టీలు అన్నీ దొరుకుతాయి. అయినా అక్కడిదాకా వెళ్లడానికి అసలు కారణం ఇత్తడి గిన్నెలు, వాటికి కొట్టు వెనుకనే పూసి ఇచ్చే కళాయి, అంటే తగరం పూత.

మేము తీసుకున్న గిన్నె అడుగు మందంగా ఉంది, ఎక్కడా సొట్టలు లేవు. రాగిలో జింకు కలిపి చేసే ఇత్తడి స్టెయిన్‌లెస్ స్టీలు కంటే సుమారు ఏడు రెట్లు వేగంగా వేడిని పాకిస్తుంది కనుక, మంట తగిలిన చోటే పప్పు అడుగంటకుండా గిన్నె అంతా ఒకే తీరున కాగుతుంది. అయితే వట్టి ఇత్తడిలో పులుసు కాస్తే చింతపండు పులుపుకు రాగి కరిగి వంటలో కలుస్తుంది. అందుకే లోపల తగరం పూత తప్పనిసరి.

ఆ పూత పని ఇక్కడ చూడదగ్గది. గిన్నెను బొగ్గుల మీద తిప్పుతూ కాచి, నవాసాగరం అనే లవణం చల్లి, తెల్లని పొగ లేస్తుండగా తగరం కడ్డీని తాకించి దూదితో రుద్దుతుంటే, పసుపుపచ్చని లోపలి గోడ పట్టీలు పట్టీలుగా తెల్లబడుతూ వచ్చింది. అడుగూ పక్కా కలిసే మూలను చాలామంది వదిలేస్తారు. ఇక్కడి పనివాడు దాన్ని మళ్లీ కాచి రుద్దాడు. కానీ తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుందని, ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద ఉంచితే పూత పూసలు కట్టి ఊడిపోతుందని, పోపు వేరే మూకుట్లో పెట్టుకోవాలని, పీచుతో గట్టిగా తోమకూడదని కొన్నవారికి చెప్పే ఆనవాయితీ మాత్రం లేదు. అది లోటే.

కంచు పళ్లేలు కూడా నమ్మదగ్గవే. రాగి 78 పాళ్లకు తగరం 22 పాళ్లు కలిపిన మంచి కంచు గోటితో మీటితే చాలాసేపు మోగుతుంది. అదే కలయిక వల్ల పెళుసుగానూ ఉంటుంది, గచ్చు మీద జారితే పగులుతుంది. ధర విని వెనుకాడే వారిని తప్పు పట్టలేము.

చిక్కంతా రాగి బిందెల దగ్గరే. ఆ నీళ్లు తాగితే మోకాళ్ల నొప్పులు మొదలుకొని చక్కెర జబ్బు దాకా తగ్గుతాయని కొట్టువారు వల్లిస్తారు. రాగిలో కొన్ని గంటలు నిలవ ఉంచిన నీటిలో చాలా రకాల బాక్టీరియా చస్తుందన్నది నిజమే గానీ, రోగాలు కుదరడం వేరే సంగతి. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల రాగిని హద్దుగా పెట్టింది కనుక, పులుపుకు రాగి కరిగే ఆ బిందెలో నిమ్మరసమో మజ్జిగో పోయడం మంచిది కాదు.

స్టీలు గిన్నెకు అయస్కాంతం అంటుకోకపోతే మేలు రకమని చూపించడమూ అంతే. నికెల్ తక్కువగా ఉండే 202 రకానికీ, అది ఎక్కువగా ఉండే మేలైన 304 రకానికీ రెండింటికీ అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. ఇనుప మూకుళ్లు పర్వాలేదు. పోత ఇనుము కావాలంటే మాత్రం ఇక్కడ ఎంపిక తక్కువ.

ఇత్తడి తూకానికే అమ్ముతారు, తూకంలో తేడా లేదు. కళాయి కూలిని మాత్రం చివర్లో కలుపుతారు కనుక బేరం కుదరకముందే దాన్ని విడిగా అడిగి, బిల్లు మీద లోహం పేరు, బరువు రాయించుకోవాలి.