ట్రైనింగ్ ఉద్యోగానికి చేయి తిరగాలంటే: మూడుల్ సమీక్ష

ట్రైనర్ ఉద్యోగాల ప్రకటనల్లో ‘ఎల్ఎంఎస్ వాడటం వచ్చి ఉండాలి’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఎల్ఎంఎస్ అంటే ఆన్‌లైన్‌లో కోర్సులు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్. చక్కగా మాట్లాడగలిగితే చాలనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. కోర్సు తయారుచేయడం, ఉద్యోగుల్ని అందులో చేర్చడం, పరీక్ష పెట్టడం, వచ్చిన లెక్కల్ని మేనేజరుకు అర్థమయ్యేలా చెప్పడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా సాధన చేయడానికి మూడుల్ అనే ఎల్ఎంఎస్ చాలా మంచి సాధనం. 2002లో తొలి వెర్షన్ వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోవచ్చు.

ఇన్‌స్టలేషన్ కాస్త విసిగిస్తుంది. మూడుల్‌ను నడిపే భాష పీహెచ్‌పీ. దాని సెట్టింగుల్లో మ్యాక్స్ ఇన్‌పుట్ వేర్స్ (ఒకేసారి తీసుకోగల ఇన్‌పుట్‌ల పరిమితి) మామూలుగా 1000 ఉంటుంది, దాన్ని 5000 చేయాలి. డేటాబేస్‌గా మారియాడీబీ వాడితే, మూడుల్ 4.2కు అది 10.6.7 వెర్షన్ అయినా ఉండాలి, ఇటీవలి మూడుల్ వెర్షన్లకు ఇంకా కొత్తది కావాలి. డేటాబేస్ పాతదైతే ఇన్‌స్టలేషన్ ముందుకు కదలదు. వెనకాల పనులు తనంతట తానే చేసే క్రాన్‌ను నిమిషానికోసారి నడిచేలా పెట్టుకోవాలి. అది నడవకపోతే మెయిళ్లు వెళ్లవు, కోర్సు ముగించినవాళ్లకు ‘పూర్తయింది’ అని పడదు. తప్పు కోర్సులో ఉందనుకుని గంటలకొద్దీ వెతికేది ఇక్కడే.

ఉద్యోగుల జాబితాను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా ఎక్కిస్తారు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోవాలి. ఉద్యోగి నంబరు 00417 అయితే ఎక్సెల్ ముందున్న సున్నాలు తీసేసి 417 చేస్తుంది. లాగిన్ కావడం లేదని ఫోన్లు మొదలవుతాయి. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, తర్వాత నంబర్లు నింపితే ఈ గొడవ ఉండదు.

మూడుల్‌లో అన్నిటికన్నా విలువైనది క్విజ్ స్టాటిస్టిక్స్ రిపోర్టు. ఎక్కువమంది దీన్ని తెరవనే తెరవరు, ఎంత నష్టమో! ఫెసిలిటీ ఇండెక్స్ ఆ ప్రశ్నకు సగటున ఎంత శాతం మార్కు వచ్చిందో చెబుతుంది. డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అంతకన్నా లోతైనది: మొత్తం మీద బాగా రాసినవాళ్లే ఈ ప్రశ్ననూ సరిగ్గా రాశారా అన్నది చూపిస్తుంది. అది మైనస్‌లోకి పోయిందంటే తప్పు ఎక్కువసార్లు ప్రశ్నలోనే ఉంటుంది.

ఉదాహరణకు ‘కరెంటు మంటను ఆర్పడానికి ఏ సిలిండర్ వాడాలి?’ అని అడిగి, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) ఒక్కటే సరైన జవాబని పెట్టారనుకోండి. ఆప్షన్లలో డ్రై పౌడర్ కూడా ఉంది. బాగా చదివినవాళ్లు అదీ పనికొస్తుంది కదా అని తికమకపడి మార్కు పోగొట్టుకుంటారు. సీఓటూ పేరొక్కటే విన్నవాళ్లు మార్కు కొట్టేస్తారు. ‘సర్వర్ గదిలో, యంత్రాల మీద పొడి పేరుకోకుండా ఆర్పాలి’ అన్న సందర్భం చేరిస్తే జవాబు ఒకటే మిగులుతుంది. ఇలా రిపోర్టు చూసి ప్రశ్న దిద్దుకోగలిగిన ట్రైనర్‌ను ఏ కంపెనీ అయినా గుర్తుపెట్టుకుంటుంది.

ఇంకో చిక్కు స్కార్మ్ ఫైళ్లతో, అంటే బయట తయారుచేసి ఎల్ఎంఎస్‌లోకి ఎక్కించే కోర్సు ప్యాకేజీలతో. మూడుల్ నమ్మకంగా నడిపేది స్కార్మ్ 1.2. అందులో ‘ఎక్కడ ఆపాం’ అన్న వివరం దాచుకోవడానికి ఉన్న చోటు 4096 అక్షరాలే. స్లైడ్లు, ప్రశ్నలు గుట్టగా పోసి ఒకే ప్యాకేజీ చేస్తే ఆ చోటు నిండిపోతుంది. మధ్యలో ఆపినవాళ్లు తిరిగి వచ్చేసరికి ఆపిన చోటు దొరకదు. పెద్ద కోర్సును రెండు మూడు ప్యాకేజీలుగా విడగొట్టండి. ‘చూస్తే చాలు, పూర్తయినట్టే’ అన్న సెట్టింగును కూడా అలాగే వదిలేయకండి: పాస్ మార్కు పెట్టి, పాసైతేనే టిక్ పడేలా మార్చండి.

లోపాలున్నాయి. తెలుగు భాషా ప్యాక్‌లో చాలాచోట్ల ఇంగ్లీషే కనిపిస్తుంది కాబట్టి, ఇంగ్లీషు రాని కార్మికులకు ప్రతి బటన్ దగ్గరా సూచన రాయాలి. అసలు లోటు వేరే. శిక్షణ ఫలితాన్ని కొలవడానికి కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో మొదటి రెండు, అంటే నచ్చిందా, నేర్చుకున్నారా అన్నవి మూడుల్ బాగానే కొలుస్తుంది. పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా అన్నవి తనంతట తాను చెప్పలేదు. కొన్ని వారాలాగి, పని జరిగే చోటుకు వెళ్లి, చెక్‌లిస్టు పట్టుకుని చూడాల్సింది ట్రైనరే.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు కోర్సు బ్యాకప్ ఫైలు, ప్రశ్న దిద్దకముందు, దిద్దాక వచ్చిన రిపోర్టులు రెండూ, ఆ చెక్‌లిస్టు దగ్గర పెట్టుకోండి.