పెరుగా, సాచెట్టా: కడుపుకి ఏది మేలు?

అమలాపురం దగ్గర మందుల షాపు నాది. యాంటీబయాటిక్ చీటీతో వచ్చేవాళ్ళు చివర్లో గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "ఈ ప్రోబయోటిక్ సాచెట్ కావాల్సిందేనాండీ? ఇంట్లో బోలెడు పెరుగుంది." అమ్మేవాణ్ణి కాబట్టి కావాలనే అంటాననుకుంటారు. అన్నిసార్లూ అనను.

ప్రోబయోటిక్ అంటే ఒంటికి మేలు చేసే సూక్ష్మజీవి. నేను ముందు చూసేది అది మన నోటిదాకా బతికి వస్తోందా అని. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో ప్రోబయోటిక్‌కి ఇచ్చిన నిర్వచనంలోనూ మొదటి షరతు అదే. బతికుండాలి, తగినంత మోతాదులో ఉండాలి, ఒంటికి మేలు చేయాలి.

ఇక మన మే నెల సంగతి తెలిసిందే. సాచెట్ల పెట్టె మీద 25 డిగ్రీల లోపు ఉంచమని రాసుంటుంది. అది ఎండలో బస్సెక్కి వస్తుంది, వచ్చాక కరెంటు ఉంటే ఫ్రిజ్‌లోకి, లేకపోతే బల్ల మీదకి. సాచెట్లలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా రకాలు చాలావరకు వేడికీ తేమకీ ఆగవు. లేబుల్ మీద వందల కోట్లని ఘనంగా వేస్తారు. ఆ లెక్క తయారైన రోజుదా, గడువు తేదీ నాటిదా అన్నది చిన్నక్షరాల్లో ఉంటే ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ సీసాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసీ అనే బాక్టీరియా కొంత నయం. అది విత్తనంలా గట్టి పెంకులో నిద్రపోతూ ఉంటుంది కాబట్టి వేడికి అంత తేలిగ్గా చావదు.

పెరుగుకి ఈ ప్రయాణం బాధ లేదు. గేదె పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలినప్పుడు తోడు వేస్తే తెల్లారేసరికి తాజాగా, బతికున్నదే తయారు. పాలల్లోని లాక్టోజ్ అనే చక్కెరను ఆ బాక్టీరియా కొంత తినేస్తుంది కనుక పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. అయితే మీ గిన్నెలో ఏ రకాలున్నాయో, ఎన్నున్నాయో ఎవరూ చెప్పలేరు. జీర్ణాశయంలో ఆమ్లానికి, ఆ తర్వాత పిత్తరసానికి చాలా చచ్చిపోతాయి. మజ్జిగ పులుసు పెట్టారా, పొయ్యి మీదే అయిపోతాయి.

అయినా రోజువారీ ఉబ్బరానికి, అజీర్తికి నా ఓటు పెరుగుకే. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో, చాలా జీర్ణకోశ సమస్యలకు ప్రోబయోటిక్స్ సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదంది. ఆధారం లేనిదానికి నెలనెలా డబ్బు పోయడం ఎందుకు? విరేచనాలు పట్టుకుంటే ముందు ఓఆర్ఎస్ కలపండి, సాచెట్ సంగతి తర్వాత.

యాంటీబయాటిక్ కోర్సు నడిచే రోజుల్లో మాత్రం డాక్టరు రాస్తే సాచెట్ తీసుకోమనే అంటాను, అదీ సాక్రోమైసిస్ బౌలార్డి అయితే. అది ఈస్టు. బాక్టీరియాను చంపే మందు దాన్నేం చేయదు, పెరుగులోవాటిని మాత్రం వదలదు. 1920ల్లో బౌలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పళ్ళ మీద దాన్ని పట్టుకున్నాడు. కోర్సయ్యాక కూడా అలవాటుగా మింగుతూ పోకండి. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూసినదాంట్లో, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయోటిక్స్ వాడినవాళ్ళ పేగుల్లో సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది.

ఇంకో మాట. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు పెరుగన్నంతో కలిపి మింగొద్దు. పెరుగులోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలాగి పెరుగు తినండి.

మిగతావి క్లుప్తంగా. చద్దన్నం, తరవాణి మంచివే. కాకపోతే అన్నం రాత్రంతా పొడిగా వదిలేసి పొద్దున నీళ్ళు పోస్తే అది చద్దన్నం కాదు, కడుపునొప్పి. దిబ్బరొట్టె పిండి ఎంత పులిసినా మూకుట్లో కాలాక బతికేదేమీ ఉండదు, రుచికి తినండి. యాకుల్ట్ అనే పులిసిన పాల పానీయం 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్ల బాక్టీరియా ఉంటుందంటారు, పంచదారా ఉంటుంది. షాపువాడు ఫ్రిజ్‌లోంచి తీసిస్తేనే కొనండి.

ఇంట్లో కీమో తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు ఉంటే వాళ్ళ డాక్టర్ని అడగకుండా ఏ సాచెట్టూ కలిపివ్వకండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు పైన చెప్పిన సాక్రోమైసిస్ ఈస్టే రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ అయిన సందర్భాలున్నాయి.