ట్రంక్ రోడ్డు సందులో తోలు బ్యాగుల రిపేరు షాపు (నెల్లూరు)

ఇంట్లో మంచి తోలు బ్యాగు ఏదన్నా పాడై పడి ఉంటే పారేయకండి, నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో ఉన్న ఈ షాపుకు తీసుకెళ్ళండి. బోర్డు లేదు. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడకు వేలాడే బెల్టులు, అంతే. అంతకుముందు నేను రెండు చోట్ల అడిగితే ఒకరు కొత్తది కొనుక్కోమన్నారు, ఇంకొకరు చెన్నై పెరియమేటుకు తీసుకుపొమ్మన్నారు.

కొత్తది కొనుక్కుంటే తీరేది కాదు నాకు. గల్ఫ్‌లో ఒక విమాన సంస్థలో పదకొండేళ్ళు ఎయిర్‌బస్ ఎ320 నడిపాను, అన్నాళ్ళూ కాక్‌పిట్‌లో నా సీటు పక్కన ఉన్నది ఈ బ్యాగే. ఇప్పటి పిల్లల చేతిలో ట్యాబ్ ఉంటుంది, మాకు మాత్రం జెప్పెసన్ చార్టులు, అంటే ఏ ఎయిర్‌పోర్టులో ఎటునుంచి దిగాలి, ఎంత ఎత్తు కంటే కిందికి రాకూడదు, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి, అన్నీ పలచటి కాగితాల మీద అచ్చేసి రింగు ఫైళ్ళలో ఉండేవి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో ఈ కాగితాలు తీసేసి ఐప్యాడ్లకు మారినప్పుడు ఒక్కో పైలట్‌కు దాదాపు 16 కిలోల మోత తగ్గిందన్నారు. నా బ్యాగు బరువూ ఇంచుమించు అంతే.

రెండు వారాలకోసారి కవర్లో కొత్త పేజీలు వచ్చేవి. డ్యూటీ లేని రోజు భోజనాల బల్ల మీద ఫైళ్ళు పరిస్తే, మా ఆవిడ పేజీ నంబర్లు చదివేది, నేను పాతది తీసి కొత్తది పెట్టేవాణ్ణి. ఒక్క పేజీ మార్చడం మరిస్తే, కాఠ్మండూ లాంటి చోట కొండల మధ్య దిగేటప్పుడు పాత అంకె చూసుకుంటానేమోనన్న టెన్షన్ నాకు చివరిదాకా పోలేదు.

ఒక జులై మధ్యాహ్నం కువైట్‌లో విమానం మెట్లెక్కుతుంటే హ్యాండిల్ ఒకవైపు ఊడిపోయింది. నేల మీద నిప్పులు, బయల్దేరే టైము దగ్గర పడింది. కింద ఉన్న ఈజిప్టు ఇంజినీరు ఒకాయన తన సంచిలోంచి లాక్‌వైరు తీశాడు. ఎంత అదిరినా బోల్టులు వదులు కాకుండా రెండు పోగులు మెలేసి కట్టే స్టీలు తీగ అది. కట్టి, ఒకసారి గట్టిగా లాగి చూసి, బ్యాగు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు నేను. తర్వాత ఎన్నిసార్లు కువైట్ వెళ్ళినా ఆయన కనబడలేదు.

షాపులో భాయ్ బ్యాగును తిరగేసి, ఆ తీగ మీద వేలు పెట్టి ఆగాడు. "ఇది కట్టినోడికి పని తెలుసు సార్. తీసేసేదా, ఉంచేదా?" అన్నాడు. నేను అడక్కముందే ఆ మాట ఆయన అడిగాడు చూడండి, అందుకే ఇదంతా రాస్తున్నాను. తీగను అట్లాగే ఉంచి, రెండోవైపు మాత్రం కొత్త తోలు వేసి మైనం దారంతో చేత్తో కుట్టాడు. లోపలి గుడ్డ మొత్తం మార్చాడు, అరిగిన రెండు మూలలకు తోలు వేశాడు, బిగుసుకుపోయిన తాళం తిరిగేలా చేశాడు. కొత్త తోలు రంగు కొంచెం ముదురుగా ఉంటుందని ముందే చెప్పాడు, అట్లాగే ఉంది. మొత్తం 850 రూపాయలు.

లోపం ఒకటే, కానీ చిన్నది కాదు. నాలుగు రోజులన్నది పదకొండు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తడు. కావలి నుంచి యాభై కిలోమీటర్ల పైన, మూడుసార్లు తిరిగాను. ఆలస్యమైతే ఒక్క ఫోన్ చేసి చెప్పాలి భాయ్, పెద్దవాళ్ళు కూడా వస్తారు మీ దగ్గరికి.

కారు లోపలికి పోదు, మెయిన్ రోడ్డులోనే ఆపుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తాడు, నాలుగు దాటాక వెళ్ళండి.