హకోనే వేడినీటి బస: నీళ్లకు పూర్తి మార్కులు, వంటకు సగం

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, కోడలు కార్తీకమాసంలో మమ్మల్ని హకోనే కొండల్లోని ఒక ర్యోకాన్‌కు, అంటే వేడినీటి ఊటలను ఆధారం చేసుకొని పాతకాలపు పద్ధతిలో నడిచే బసకు తీసుకువెళ్లారు. రాత్రి బస, సాయంత్రం భోజనం, పొద్దుటి భోజనం కలిపి మనిషికి 30,000 యెన్లు, మన లెక్కలో సుమారు 17,000 రూపాయలు పడింది. అక్కడ అద్దె గదికి కాదు, మనిషికి కడతారు కాబట్టి నలుగురం ఒకే గదిలో సర్దుకుంటే ఖర్చు తగ్గుతుందన్న మన లెక్క పనిచేయదు. నల్గొండ జిల్లాలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ కొలుస్తూ ఉద్యోగం ముగించినవాణ్ని గనుక నేను ఆ బసను ముందుగా నీళ్లను బట్టి, ఆ తర్వాతే తక్కినవాటిని బట్టి తూచాను. నీళ్లకు పూర్తి మార్కులు వేస్తాను. శాకాహారులకు పెట్టిన భోజనానికి సగం కన్నా ఎక్కువ వేయలేను. బస పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్కచోటికే పరిమితమైనది కాదు.

టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి రొమాన్స్‌కార్ అనే రైలు గంటన్నర లోపే హకోనే-యుమోతోకు చేరుస్తుంది. అక్కడి నుంచి గోరాకు వెళ్లే చిన్న కొండరైలు 1919 నుంచి నడుస్తోంది. ఏటవాలు ఎక్కువైన మూడు చోట్ల ఆగి, వెనుకకు ముందుకు దిశ మార్చుకుంటూ పైకి ఎక్కుతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు ముందు గది ఇవ్వరు, మరునాడు పదింటికల్లా ఖాళీ చేయాలి, ఈ రెండింటిలోనూ బతిమాలితే కరిగే అలవాటు వాళ్లకు లేదు. గది నేలంతా గడ్డితో నేసిన తతామి చాపలు, మధ్యలో పొట్టి బల్ల, దాని మీద టీ, ఒక మిఠాయి, గోడలో గూడులాంటి ఖాళీ స్థలంలో ఒక చిత్రపటం, పువ్వు ఉన్నాయి. ఆ గూట్లో సూట్‌కేసు పెట్టకూడదు. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు మనకూ ఉన్నదే కాబట్టి అందులో ఇబ్బంది లేదు గాని, మరుగుదొడ్డికి వేరే చెప్పులు ఉంటాయన్నది, వాటితో చాప మీదికి రాకూడదన్నది గుర్తుంచుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. స్నానశాల బయట బట్టలు విడిచే గదిలో గోడకు ఒక పెద్ద పట్టిక వేలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్లలో చాలామంది దానివైపు చూడనైనా చూడరు. నేను మాత్రం అబ్బాయి చేత ఫోనులో తర్జుమా చేయించుకుంటూ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివాను. ఊట దగ్గర ఉష్ణోగ్రత, పిహెచ్, సోడియం, కాల్షియం, ఇనుము, సల్ఫేటు, క్లోరైడు, ఇలా ఒక్కొక్కటి కిలో నీటికి ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాసి ఉంది. కింద, నీళ్లలో వేరే నీరు కలుపుతున్నారా, వేడి చేస్తున్నారా, వాడిన నీటినే వడగట్టి తిప్పుతున్నారా, క్రిమిసంహారకం వేస్తున్నారా అన్నది కూడా రాసి ఉంది. ఇది ఆ యజమాని మంచితనం కాదు, చట్టం. 1948లో వచ్చిన వేడినీటి ఊటల చట్టం ప్రకారం ఈ పట్టిక పెట్టి తీరాలి. నీరు కలపడం, తిప్పడం వంటి వివరాలు చెప్పాలన్న నిబంధన 2005లో చేరింది. ఉద్యోగకాలంలో నేను ఇచ్చిన ఫలితాలు పంచాయతీ బీరువాలోనే ఉండిపోవడం చూసినవాణ్ని కాబట్టి, స్నానానికి వచ్చిన ప్రతివాడి కంటికీ ఎదురుగా ఆ అంకెలు పెట్టడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

ఆ పట్టికలో ఫ్లోరైడ్ వరుస కూడా ఉంది. ఆ చట్టం లెక్కలో వేడినీటి ఊట అనిపించుకోవాలంటే నీరు 25 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, లేదా నిర్దేశించిన 19 పదార్థాల్లో ఏదో ఒకటి తగిన మోతాదులో ఉండాలి. ఆ పంతొమ్మిదింటిలో ఫ్లోరైడ్ ఒకటి, దాని మోతాదు కిలోకు 2 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రామే మేలైన హద్దు, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే మా జిల్లాలోని మర్రిగూడలోనో, నాంపల్లిలోనో ఏ బోరు నీళ్లు తాగవద్దని మేము రాసేవాళ్లమో, అదే మోతాదు నీళ్లు అక్కడ స్నానానికి యోగ్యత సంపాదిస్తాయి. ఇందులో వింత ఏమీ లేదు. ఫ్లోరైడ్ ఎముకల్లోకి చేరేది తాగిన నీటితో, ఆ నీటితో వండిన తిండితో. ఒంటి మీద పోసుకుంటే చర్మం గుండా చెప్పుకోదగినంత లోపలికి పోదు. అయినా మా ప్రాంతంలో వంగిన వెన్నులను, వంకర తిరిగిన కాళ్లను చూస్తూ ఉద్యోగం చేసిన నాకు, ఆ వరుస దగ్గర కాసేపు చూపు ఆగింది. మేము దిగిన చోట ఆ అంకె తక్కువే ఉంది.

అక్కడి నీళ్లు తెల్లగా, పలుచని మజ్జిగలా ఉంటాయి. హకోనేలో అన్నిచోట్లా ఇలా ఉండవు. యుమోతో వైపు నీళ్లు తేటగా ఉంటాయి. ఓవాకుదాని అనే అగ్నిపర్వతపు లోయలో భూమిలోంచి ఎగజిమ్మే ఆవిరిని మామూలు నీటిలోకి పంపి, అలా తయారైన గంధకపు నీటిని గొట్టాల ద్వారా సెంగోకుహారా, గోరా ప్రాంతాల బసలకు సరఫరా చేస్తారు. గొట్టాల్లో గంధకపు మడ్డి పేరుకుంటూ ఉంటుంది కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు తీయాలి. 2015లో ఆ లోయలో చిన్న విస్ఫోటనం జరిగి పనివాళ్లు లోపలికి వెళ్లే వీలు లేకపోయినప్పుడు ఈ సరఫరా దెబ్బతిన్నది. పైపులైను, వాల్వు, మరమ్మతు అనే మాటలు తెలిసినవాడికి ఆ స్నానం వెనుక ఉన్న చాకిరీ అర్థమవుతుంది. పట్టికలో పిహెచ్ 3 దగ్గర ఉంది, అంటే బాగా పుల్లని నీళ్లు. కంటిలో పడితే మండుతాయి, పొడిబారిన ముసలి చర్మానికి అంత మంచివి కావు. చర్మం సున్నితమైనవాళ్లు బయటికి వచ్చాక మామూలు నీళ్లు పోసుకోవాలని పట్టికలోనే రాశారు.

స్నానపు పద్ధతి మనకు కొత్త. తొట్టిలో దిగేది ఒళ్లు రుద్దుకోవడానికి కాదు. ముందు పొట్టి పీట మీద కూర్చొని, సబ్బుతో తల నుంచి పాదాల దాకా కడుక్కొని, నురగ మిగలకుండా నీళ్లు పోసుకొని, ఆ తర్వాతే 41, 42 డిగ్రీల నీటిలో మెడ దాకా మునిగి ఊరకే కూర్చోవాలి. తువ్వాలు నీటిలో ముంచకూడదు, జుట్టు నీటిలో పడకూడదు. అన్నిటికన్నా కష్టమైన నిబంధన, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదన్నది. పుష్కరాలప్పుడు వాడపల్లి సంగమంలో వేలమంది మధ్య మునిగినా పంచె, చీర ఒంటి మీదే ఉంటాయి; ఇక్కడ ఆడవారికి, మగవారికి వేరువేరు స్నానశాలలైనా అంతా దిగంబరులే. నేను, అబ్బాయి ఒకే వేళకు వెళ్లలేదు. ఆ సంగతి మేము మాట్లాడుకోనూ లేదు. పది నిమిషాలకు మించి ఉండవద్దని, తల తిరిగినట్లనిపిస్తే మెల్లగా లేచి చల్లని నీళ్లు తాగాలని కోడలు ముందే చెప్పింది. రక్తపోటుకు మందులు వాడేవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వెళ్లడం మేలు.

అత్తాకోడళ్లకు ఇది ఇంకా చిక్కు వ్యవహారం. అందుకు దారి ఉంది: చాలా ర్యోకాన్‌లలో కుటుంబానికి విడిగా, గడియారం చూసి ఇచ్చే చిన్న స్నానపు గదులు ఉంటాయి, లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు. నా భార్య సాయంత్రం అందులో స్నానం చేసింది. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఆరుబయట రాళ్ల మధ్య కట్టిన ఆడవారి తొట్టి ఖాళీగా ఉందని కోడలు చూసి వచ్చి చెబితే, “కార్తీకస్నానం చన్నీళ్లతో చెయ్యాల గని, దేవుడే కాచిపెట్టిన నీళ్లకు దోషముంటదా” అంటూ బయలుదేరింది. ఆమె ఈ మొత్తం ప్రయాణంలో మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఆ స్నానాన్నే.

ఆడవాళ్లు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటుంది. గంధకపు నీళ్లు వెండిని నల్లబరుస్తాయి. పట్టీలు, ఉంగరాలు తీసి గదిలో పెట్టమని బసవాళ్లు చెప్పారు. పట్టీలు తీసిన నా భార్య మెట్టెలు మాత్రం తీయనంటే తీయనన్నది; నీళ్లలోంచి బయటికి వచ్చేసరికి రెండు వేళ్లకూ నల్లటి ఇనుప చుట్టలు తొడిగినట్లు తయారయ్యాయి. వెండి మీద గంధకం చేరి ఏర్పడే పొర అది, వెండి పాడైనట్లు కాదు. నల్గొండకు వచ్చాక విభూతి పెట్టి రుద్దితే తెల్లబడ్డాయి. పుస్తెలతాడుకు ఏమీ కాలేదు.

భోజనం దగ్గరికి వచ్చేసరికి నా మెప్పు తగ్గిపోతుంది. చూపుకు లోటు లేదు: చిన్నచిన్న పింగాణీ గిన్నెలు, ఒక్కొక్కదానిలో రెండు ముద్దలకు మించని పదార్థం, పక్కన ఎర్రబడిన మేపుల్ ఆకు, పరిచారిక మోకాళ్ల మీద కూర్చొని ఒకటి ముగిశాకే మరొకటి తెచ్చి పెట్టడం. “గిన్ని బొచ్చెలు ఎవరు తోముతరో పాపం” అని నా భార్య అన్న మాటను అబ్బాయి తర్జుమా చేయలేదు. కార్తీకమాసం కాబట్టి చేప, మాంసం, గుడ్డు ఏవీ వద్దని బుక్ చేసేటప్పుడే రాశాం, కుదురుతుందని జవాబు కూడా వచ్చింది. తీరా చూస్తే, వేయించిన వంకాయ మీద పలుచని గోధుమరంగు పొరలు చల్లి తెచ్చారు. వేడికి అవి వంకర్లు తిరుగుతూ కదులుతున్నాయి. “ఏందవి, మెదులుతున్నయి?” అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎండబెట్టిన చేపను చిత్రిక పట్టి తీసిన పొరలవి. ఆ గిన్నె తీసుకుపోయారు, క్షమాపణ చెప్పారు. కాని కోడలు గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, పులుసు, కూర, చివరికి సోయాపాలతో చేసే తోఫు మీద పోసిన చారు కూడా అదే చేపను మరిగించిన నీటితోనే చేశారు. వాళ్ల దృష్టిలో చేప ముక్క కనబడకపోతే అది శాకాహారమే.

నాకు కోపం వచ్చింది చేప తగిలినందుకు కాదు. స్నానం చేసే నీటిలో ఏముందో మిల్లీగ్రాములతో గోడకు రాసిపెట్టిన చోట, తాగే చారులో ఏముందో అడిగేదాకా చెప్పలేదు. ఇంత డబ్బు తీసుకునే వంటగది ఒక కాగితం మీద పదార్థాల పేర్లు రాసి ఇవ్వలేకపోవడానికి నాకు కారణం కనిపించలేదు. ఆ రాత్రి నా భార్య తిన్నది తెల్లన్నం, ఊరబెట్టిన ముల్లంగి, పండ్లు. మనం మొదట కలుపుకునే అన్నాన్ని వాళ్లు అన్నిటికన్నా చివర తెస్తారు కాబట్టి అప్పటిదాకా ఆమె ఆకలితో కూర్చోవలసి వచ్చింది. సంచిలో ఉన్న తొక్కు సీసా మీదికి నా చెయ్యి పోతుంటే “ఇక్కడ వద్దు నాన్నా, గదిలో తినండి” అని అబ్బాయి ఆపాడు. మాంసాహారులకు ఈ చిక్కు లేదు. చేప ముక్కల తాజాదనం చాలా గొప్పగా ఉందని అబ్బాయి అన్నాడు, పచ్చి చేప తినని నేను ఆ విషయంలో తీర్పు చెప్పలేను. గొడ్డుమాంసం వద్దనుకునేవాళ్లు ఆ మాట ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఖరీదైన భోజనాల్లో అది తరచుగా ఉంటుంది.

మేము తింటుండగానే గదిలో బల్ల పక్కకు జరిపి, చాపల మీద పరుపులు పరిచి, దుప్పట్లు మడతపెట్టి వెళ్లారు. పడక మెత్తగానే ఉంది గాని, మోకాళ్లు అరిగిన వయసులో నేల మీది నుంచి లేవడం శిక్షే. మంచాలున్న గదులు, కాళ్లు వేలాడేసి కూర్చునే బల్లలు ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్నారు, అడిగి తీసుకోండి. అందరికీ ఇచ్చే యుకాతా అనే నూలు అంగీని ఎడమ అంచు పైకి వచ్చేటట్లు కట్టుకోవాలి, కుడి అంచు పైకి రావడం వాళ్ల ఆచారంలో శవానికి తొడిగే తీరు. ఇంత సేవ చేసినవాళ్లకు బక్షీసు ఇచ్చే అలవాటు అక్కడ లేదు, ఎవరూ దానికోసం నిలబడరు. బిల్లులో మాత్రం మనిషికి 150 యెన్ల స్నానపు పన్ను వేరుగా ఉంటుంది.

శాకాహారులు వెళ్లదలిస్తే “శాకాహారం” అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. చేప, మాంసం, గుడ్డుతోపాటు చేప మరిగించిన చారు, చేప పొరలు కూడా వద్దని, సముద్రపు నాచుతోనో పుట్టగొడుగులతోనో చేసిన చారు వాడగలరా అని జపనీస్‌లో రాయించి, ఏ వంటకంలో ఏం వేస్తారో జవాబు తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. అంత తీరిక లేనివాళ్లు భోజనం లేకుండా గది మాత్రమే ఇచ్చే బస చూసుకొని, నీళ్లకు మాత్రమే వెళ్లడం మంచిది. లేదా కోయసాన్ కొండ మీద బౌద్ధాలయాలు నడిపే బసలకు వెళ్లవచ్చు: అక్కడి భిక్షువుల వంటలో చేప చారు ఉండదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కాబట్టి కార్తీకమాసపు నియమానికి సరిగ్గా సరిపోతుంది. వచ్చే ఏడాది అక్కడికే వెళ్దామని కోడలు అంటోంది. అక్కడ హకోనేలాంటి వేడినీళ్లు ఉండవని చెబితే, నా భార్య ఇంకా ఏ మాటా తేల్చలేదు.