సిద్ధపూర్ బోహ్రావాడ్ గైడెడ్ వాక్: వీధికి ఐదు స్టార్లు, గైడుకి రెండు

అమ్మకి పిండప్రదానం చేద్దామని గుజరాత్‌లో మాతృగయ అనే సిద్ధపూర్ వెళ్ళాం, బిందు సరోవరం దగ్గర పని పదకొండింటికల్లా అయిపోయింది, తిరుగు రైలేమో సాయంత్రం. బోహ్రాల (వ్యాపారాలు చేసే ఒక ముస్లిం వర్గం) ఇళ్ళు చూస్తారా అని ఆటో అతనే ఒక గైడుని మాట్లాడిపెట్టాడు. మనవాళ్ళు ఇంతమంది సిద్ధపూర్ వెళ్ళొస్తారు, ఈ వీధుల సంగతి ఒక్కరూ చెప్పలేదు నాకు.

సందు మలుపు తిరగ్గానే ఇది గుజరాతేనా అనిపించింది. ఒకదానికొకటి అతుక్కుని, దాదాపు ఒకే ఎత్తులో, పిస్తా రంగు, లేత గులాబీ, నీలం, వరసగా ఇళ్ళే ఇళ్ళు. యూరప్ మోడల్ స్తంభాలు, చెక్క కిటికీలు, కొన్నిటి మీద ఓనరు పొడి అక్షరాలు మెలికలు తిప్పి మరీ పెట్టించుకున్నారు. దావూదీ బోహ్రా వ్యాపారులు ఆఫ్రికా దాకా వెళ్ళి సంపాదించి 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో కట్టుకున్నవే ఎక్కువ. 360 కిటికీల ఇల్లని ఒకటుంది, లెక్కపెడదామని మొదలెట్టి నలభై దగ్గర తప్పిపోయా.

గైడ్ మాత్రం ఇక్కడ నిలబడండి ఫోటో, అక్కడ నిలబడండి ఫోటో. రెండు గంటలని చెప్పి ముప్పావుగంటలో చుట్టేశాడు. ఇళ్ళు ఇంత ఇరుగ్గా ఎందుకు కట్టారయ్యా అంటే "పాతకాలం కదా సాబ్" అట!

మా అదృష్టం, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన లోపలికి రమ్మన్నారు. వెడల్పు తక్కువ, లోపలికి బారెడు పొడుగు, పక్క గోడలు ఇద్దరికీ ఉమ్మడి కాబట్టి అటు కిటికీ పెట్టే వీల్లేదు, అందుకే మధ్యలో ఆకాశం కనపడేలా చౌక్ వదిలారు, మన మండువా లాగే అనుకోండి, గాలీ వెలుతురూ అక్కడి నుంచే, బయట ఎండ పేల్చేస్తుంటే లోపల ఎంత చల్లగా ఉందో. వాననీళ్ళు కింద టాంకాలోకి, అంటే నేల కింది తొట్టిలోకి. అరుగు దాటితే ఢేలీ (వాకిలి గది), తర్వాత చౌక్, పర్సాల్ (వసారా), చివర్న ఓర్డో (లోపలి గది), లోపలికి పోయేకొద్దీ ఇంటివాళ్ళ సొంత చోటు. గైడ్ చెప్పాల్సింది ఇదే కదా.

చాలా తలుపులకి తాళాలే, వాళ్ళంతా ముంబైలోనో విదేశాల్లోనో. వరస మధ్యలో అక్కడక్కడా పన్ను ఊడినట్టు ఖాళీ, ఇల్లు విప్పేసి చెక్కా తలుపులూ అమ్మేసుకున్నారట.

వెళ్తే గైడు లేకుండానే వెళ్ళండి, పొద్దున్నే అయితే ఎండ బాధ ఉండదు. తలుపు తీసుంది కదా అని తొంగిచూసి ఫోటో కొట్టకండి, అడగండి, రమ్మనేవాళ్ళు రమ్మంటారు.